సేవయే గౌరవము: భాగ్యరెడ్డివర్మ జీవితము

సేవవలన మేలు పొందువాడు సేవ అందుకొన్నవాడేనని సామాన్యముగా తలతుము. సేవ చేసినవాడు పొందునది ఏమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదుకువారికి భాగ్యరెడ్డివర్మ చరిత్ర చక్కని పాఠము.

ఆయన 1888 మే 22వ తేదీన హైదరాబాదు నగరములో ఒక పేద మాల కుటుంబమున జన్మించినారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. ఈ జాతివారు పూర్వము దేశమును ఏలినవారేనన్న విశ్వాసముతో కులగురువు ఆయన పేరునకు ‘రెడ్డి’ అను మాటను చేర్చినాడు. ‘వర్మ’ అనునది 1913లో ఆర్యసమాజము వారు ఒసగిన బిరుదము. కలిమిగాని, పెద్ద చదువుగాని ఆయనకు లేవు.

పదునెనిమిదేండ్ల ప్రాయమున, 1906లో, ఆయన జగన్మిత్రమండలిని నెలకొల్పినారు. అక్షరము రానివారికి పుస్తకము ఇచ్చి ప్రయోజనము లేదు కదా! అందుచేత మండలి హరికథలను, భజనలను సాధనములుగా గ్రహించినది. దేవుని కథ వినవచ్చినవారికి మద్యపానము, బాల్యవివాహము, జంతుబలి తెచ్చిపెట్టు కీడు కూడ బోధపడినది. ఆడపిల్లలను దేవతల పేర జోగినులుగా విడుచు దురాచారముపై ఆయన తీవ్రముగా పోరాడినారు. 1910లో ఇసామియాబజారున బడి తెరచినారు. మరుసటి ఏట మండలి మన్యసంఘముగా మారినది.

ఆ దినములలో నగరమును ప్లేగు పలుమారులు పీడించినది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చిపడినది. రోగి దరికి బంధువులే పోవ జంకిన సమయములో వర్మగారి స్వచ్ఛంద సేవకులు రోగులకు పరిచర్య చేసినారు. దిక్కులేని శవములకు అంత్యక్రియలు జరిపినారు. ఎవరి నీడ సోకిన మైలయని లోకము తొలగిపోయెనో, వారి చేతులే కష్టకాలమున నగరమునకు ఆసరా అయినవి. అంటరానితనము ఎంత అర్థరహితమో నిరూపించుటకు ఇంతకు మించిన వాదము లేదు.

1917 నవంబరులో విజయవాడయందు జరిగిన ఆంధ్రదేశ ప్రథమ పంచమ మహాసభకు ఆయన అధ్యక్షత వహించినారు. నాలుగు వర్ణములకు వెలుపల ఐదవదిగా నెట్టివేయు ‘పంచమ’ శబ్దమును త్యజించి, ఈ నేలకు తొలి బిడ్డలమను అర్థము వచ్చు ‘ఆది ఆంధ్ర’ నామమును స్వీకరించవలెనని అచట ప్రతిపాదించినారు. కొన్ని యేండ్లకు మన్యసంఘము సైతము ఆది హిందూ సంఘముగా రూపొందినది. 1931 జనాభా లెక్కలలో నిజాము ప్రభుత్వము వారిని ఆది హిందువులుగా నమోదు చేసినది.

సంఘ జీవితము సాఫీగా సాగలేదు. అభిప్రాయభేదములు వచ్చినవి, కొందరు సహచరులు వేరు సంఘములు పెట్టుకొన్నారు. ధనము ఎన్నడును చాలినంత లేదు. అయినను బడులు ఆగలేదు. 1930 దశకము నాటికి వాని సంఖ్య ఇరువదియారు. చదువుకొను పిల్లలు రెండువేలకు పైబడినారు. అనంతరము ప్రభుత్వమే ఆ బడులను స్వీకరించినది. ఒక సేవకుడు స్వచ్ఛందముగా తలకెత్తుకొన్న బరువు రాజ్యపు బాధ్యతగా మారుట సేవకు సమాజములో లభించిన ఫలము.

వ్యక్తికి లభించిన ఫలము మరియొకటి. దానము పుచ్చుకొనువాడు తల వంచవలసి వచ్చును. సేవ చేయువాడు తల ఎత్తి నిలుచును. రోగిని మోసినవారు, బడి నడిపినవారు తాము ఎవరికిని తీసిపోమని తమకు తామే తెలిసికొన్నారు.

వర్మగారు 1939 ఫిబ్రవరి 18న కన్నుమూసినారు. నేడు రామగుండము, గోదావరిఖని వంటి బొగ్గుగనుల పట్టణములలో అన్ని కులములవారును కలసి గనిలోనికి దిగుచున్నారు. భూగర్భమున ఒకరి ప్రాణము వేరొకరి జాగ్రత్తపై ఆధారపడి యుండును. ఆ పొత్తును గనిపైన వీధిలో, బడిలో, జబ్బుపడినవాని ముంగిట నిలుపుకొనుటయే వర్మగారి జీవితము మనకు నేర్పు పాఠము.