కరుణ జపమాలను అందించిన వంటింటి సిస్టర్

కాప్రా: ఈస్టర్ తరువాత వచ్చే ఆదివారాన్ని కతోలికులు దైవ కరుణ ఆదివారంగా జరుపుకొంటారు. కాప్రా, నాచారం, ఉప్పల్ ప్రాంతాల కతోలిక కుటుంబాలకు కరుణ జపమాల కొత్తది కాదు. అయితే దానిని లోకానికి అందించిన పునీత ఫౌస్తీనా మూడేళ్లయినా నిండా బడికి వెళ్లని పేదింటి ఆడపిల్ల అన్న సంగతి చాలామంది ఎరుగరు.

ఆమె అసలు పేరు హెలెనా కొవాల్స్కా. పోలండు దేశంలోని గ్వొగోవియెత్స్ గ్రామంలో 1905 ఆగస్టు 25న పదిమంది సంతానంలో మూడవ బిడ్డగా జన్మించారు. పదహారేళ్లకే ఇళ్లలో పనికి కుదిరారు. మఠంలో చేరతానంటే తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. చివరకు కట్టుబట్టలతో రైలెక్కి వార్సా నగరం చేరారు. చాలా మఠాల వారు గుమ్మంలోంచే పంపివేశారు. ఒక మఠం వారు మాత్రం కావలసిన బట్టలకు డబ్బు సంపాదించుకు రమ్మన్నారు. ఏడాదిపాటు మళ్లీ ఇంటిపని చేసి ఆ సొమ్ము కూడబెట్టి, 1925 ఆగస్టు 1న అందులో చేరారు.

అక్కడ కూడా వంట, తోటపని, గేటు కాపలాయే. ఒంట్లో శక్తి లేక, ఉడికిన బంగాళాదుంపల పెద్ద గిన్నెను గంజి వార్చినట్లు వంచి నీళ్లు తీయడమే ఆమెకు గండంగా ఉండేది. జబ్బు నటిస్తోందని కొందరు సిస్టర్లు అనుకున్నారు. ఆమెది క్షయ అని తరువాత తేలింది.

1931 ఫిబ్రవరి 22 రాత్రి ప్వొత్స్క్ మఠంలోని తన గదిలో క్రీస్తు దర్శనమిచ్చారనీ, హృదయం నుంచి ఎర్రని, తెల్లని కిరణాలు వెలువడుతున్న ఆ రూపాన్ని పటంగా వేయించమన్నారనీ ఆమె చెప్పారు. ఆమె పాపసంకీర్తన గురువు ఫాదర్ సొపోచ్కో వెంటనే నమ్మేయలేదు. ముందు మానసిక వైద్యురాలి చేత పరీక్ష చేయించారు. ఆరోగ్యంగానే ఉందని తేలాకనే, చిత్రకారుడు కజిమిరోవ్‌స్కీ చేత 1934లో పటం వేయించారు. తాను చూసిన అందం అందులో రాలేదని ఫౌస్తీనా కంటతడి పెట్టారు.

జపమాల ప్రార్థన 1935 సెప్టెంబరులో విల్నియస్‌లో వచ్చింది. దీనికి వేరే పూసల దండ అక్కరలేదు, మామూలు జపమాల చాలు. పెద్ద పూసల వద్ద క్రీస్తు శరీర రక్తాలను, ఆత్మను, దైవత్వాన్ని తండ్రి దేవునికి సమర్పిస్తారు. చిన్న పూసల వద్ద ఆయన పడిన పాట్లను తలచి కరుణ చూపమని వేడుకొంటారు. నా పుణ్యం ఇంత ఉంది, దానికి తగిన ఫలం ఇవ్వమని అడిగే ప్రార్థన కాదిది. పైగా కరుణ తన ఒక్కరికే కోరరు, అందరికీ, లోకమంతటికీ కోరతారు. కొడుకు ఉద్యోగం కోసమో, కూతురి పెళ్లి కోసమో పూసలు పట్టుకొన్న వారు సైతం నోటితో అడిగేది లోకం కోసమే.

అడిగితే సరిపోదనీ, తోటివారికి చేతలతో, మాటతో, ప్రార్థనతో కరుణ చూపాలనీ ఆమె డైరీలో రాసుకొన్నారు. ఒకనాడు చలిలో, వానలో చెప్పులు లేకుండా గేటు వద్దకు వచ్చిన యువకునికి వేడి సూపులో రొట్టె తుంచి వేసి ఇచ్చారు. గిన్నె తిరిగి తీసుకొనేటప్పుడు ఆయన క్రీస్తేనని గుర్తించినట్లు అదే డైరీలో ఉంది.

1938 అక్టోబరు 5న క్రాకోలో కన్ను మూశారు. అప్పటికి వయసు 33. తరువాత కథ అంత సాఫీగా సాగలేదు. డైరీకి వచ్చిన తప్పుడు అనువాదాలు కూడా ఒక కారణమై, 1959లో రోము ఈ భక్తి ప్రచారాన్ని నిలిపివేసింది. క్రాకో అగ్రపీఠాధిపతి వొయితివా 1965లో ఆమె జీవితంపై విచారణ మొదలుపెట్టించారు. 1978 ఏప్రిల్‌లో నిషేధం తొలగింది. అదే అక్టోబరులో ఆయనే రెండవ జాన్‌పాల్ పోపు అయ్యారు. 2000 ఏప్రిల్ 30న ఆమెను పునీతురాలిగా ప్రకటించినదీ, దైవ కరుణ ఆదివారాన్ని సభ అంతటికీ పండుగ చేసినదీ ఆయనే. 2005లో ఆ పండుగ ముందు రాత్రే ఆయన మరణించారు.

ఈనాడు లోకమంతటా ఎక్కువగా వ్యాపించిన పటం 1934 నాటిది కాదు. 1940లలో అడాల్ఫ్ హిలా అనే మరో చిత్రకారుడు వేసినది. దానిని ఫౌస్తీనా చూడనే లేదు.