భార్య కోసం తిరిగివచ్చిన కథకుడు ఓ. హెన్రీ

తన పొడవైన జుట్టును అమ్మి భర్త గడియారానికి గొలుసు కొన్న భార్య, ఆ గడియారాన్నే అమ్మి ఆమె జుట్టుకు దువ్వెనలు కొన్న భర్త. ఈ కథను ఇంగ్లీషు వాచకాల్లో చదివినవారు మనలోనూ ఎందరో ఉన్నారు. దీనిని 1905 డిసెంబరులో న్యూయార్కులోని ఒక దినపత్రిక ఆదివారపు సంచికలో వెలువరించిన ఓ. హెన్రీ అసలు పేరు విలియం సిడ్నీ పోర్టర్.

ఆయన 1862 సెప్టెంబరు 11న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, గ్రీన్స్‌బరో పట్టణంలో జన్మించారు. మూడేళ్ల పసివయసులోనే తల్లి క్షయవ్యాధితో కన్నుమూసింది. మేనత్త చదువు చెప్పింది. మందుల దుకాణంలో పని నేర్చుకొని 1882లో టెక్సాస్ చేరుకున్నారు.

ఆస్టిన్ నగరంలో ఆథల్ ఎస్టెస్ అనే యువతిని ప్రేమించారు. ఆమెకూ క్షయ ఉన్నందున పెద్దలు ఒప్పుకోలేదు. 1887 జూలైలో ఇద్దరూ ఇంట్లో చెప్పకుండా వెళ్లి వివాహం చేసుకున్నారు. తొలి కుమారుడు పుట్టిన కొద్ది గంటలకే మరణించాడు. 1889లో కుమార్తె మార్గరెట్ జన్మించింది.

తరువాత బ్యాంకులో నగదు గుమస్తాగా చేరారు. లెక్కల్లో సొమ్ము తగ్గిందని 1896లో కేసు పెట్టారు. ఆ సొమ్మును ఆయనే తీశారా అన్న విషయంలో నేటికీ భిన్నాభిప్రాయాలున్నాయి. విచారణకు ఒకరోజు ముందు ఆయన రైలు మారి న్యూ ఆర్లీన్సుకు, అక్కడినుండి ఓడలో హోండురాస్ దేశానికి పారిపోయారు. నేరస్థులను అప్పగించే ఒడంబడిక అమెరికాతో ఆ దేశానికి అప్పట్లో లేదు. హద్దు దాటితే చాలు, చట్టం చేయి చాపలేదు!

అయితే ఆస్టిన్‌లో ఆథల్ మంచం పట్టింది. తీవ్రమైన జ్వరంతోనే లేసు రుమాలు అల్లి, అమ్మి, ఆ డబ్బుతో భర్తకు క్రిస్మస్ కానుకల పెట్టె పంపిందని ఆయన జీవితచరిత్ర రాసినవారు చెబుతారు. జుట్టు అమ్ముకున్న ఇల్లాలి కథకు మూలం ఇక్కడే వెదకడం సమంజసం. ఆమె స్థితి తెలిసి, చెరసాల తప్పదని ఎరిగీ, ఆయన 1897 ఆరంభంలో తిరిగివచ్చారు. ఆ జూలై నెలలో ఆథల్ మరణించింది. చివరి నెలల్లో ఆయన ఆమె చెంతనే ఉన్నారు.

1898లో అయిదేళ్ల శిక్ష పడింది. ఒహాయో చెరసాలలో రాత్రివేళ మందులిచ్చే పని చేస్తూ, మారుపేర్లతో కథలు రాసి పత్రికలకు పంపించేవారు. తండ్రి పనిమీద దూరదేశం వెళ్లాడని మాత్రమే మార్గరెట్‌కు చెప్పారు.

సత్ప్రవర్తన వల్ల 1901లో విడుదలై, మరుసటి ఏడాది న్యూయార్కు చేరి, వారానికొక కథ చొప్పున రాశారు. పేరు వచ్చింది, డబ్బూ వచ్చింది, రెండూ నిలువలేదు. 1907లో చిన్ననాటి స్నేహితురాలు సారా కోల్‌మన్‌ను వివాహమాడారు గాని, మద్యం ఆ కాపురాన్ని సాగనివ్వలేదు. ఈ విషయంలో ఆయనను సమర్థించడం కష్టం.

1910 జూన్ 5న, 47వ ఏట ఆయన మరణించారు. మార్గరెట్ 1927లో మరణించింది. ఆమెనూ ఆ క్షయవ్యాధే తీసుకుపోయింది.