తెలుగు తెరపై తాడిపత్రి సంతకం కె.వి.రెడ్డి
పౌరాణిక, జానపద చిత్రాలకు ప్రాణం పోసిన దర్శకుడు

తాడిపత్రి: తెలుగువారు తరతరాలుగా చూసి మురిసిపోతున్న 'మాయాబజార్' సృష్టికర్త అనంతపురం జిల్లా బిడ్డ. ఆయనే కదిరి వెంకటరెడ్డి. చిత్రసీమకు కె.వి.రెడ్డిగా సుపరిచితులు. 1912 జూలై 1న తాడిపత్రిలో జన్మించిన ఆయన మద్రాసులో ఉన్నత విద్య పూర్తి చేశారు. చిత్రరంగంలో ఆయన తొలి కొలువు క్యాషియర్ ఉద్యోగం. అనంతరం బి.ఎన్.రెడ్డి చిత్రాలకు నిర్మాణ వ్యవహారాలు చూశారు. పైసా పైసాకూ లెక్క చూసే ఆ క్రమశిక్షణ దర్శకుడైన తర్వాతా ఆయనను వీడలేదు.

పోతన నుంచి వేమన వరకు

తాడిపత్రికే చెందిన మిత్రుడు మూలా నారాయణస్వామి ప్రోత్సాహంతో వాహినీ సంస్థలో ఆయనకు దర్శకత్వ అవకాశం లభించింది. 1943లో విడుదలైన 'భక్త పోతన' తొలి ప్రయత్నంలోనే ఘనవిజయం సాధించింది. 1947లో 'యోగి వేమన' వచ్చింది. రెండింటా కథానాయకుడు చిత్తూరు నాగయ్యే. వేమన సమాధి ఉన్న కటారుపల్లి ఉమ్మడి అనంతపురం జిల్లాలోనిదే కావడంతో సీమవాసులకు ఆ చిత్రం మరింత ఆత్మీయమైంది. 1949లో తీసిన 'గుణసుందరి కథ'తో ఆయన జానపదంలోనూ తన ముద్ర వేశారు.

విజయ పరంపర

1951లో విజయా సంస్థకు తీసిన 'పాతాళభైరవి' ఎన్.టి.రామారావును తోటరాముడిగా ఇంటింటికీ చేర్చింది. నేపాళ మాంత్రికుడిగా ఎస్.వి.రంగారావు నటన చిరస్మరణీయమైంది. 1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలోనూ ఆ చిత్రం ప్రదర్శితమైంది. సాంఘికంలోనూ ఆయన వెనుకబడలేదు. 1954 నాటి 'పెద్దమనుషులు' ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందగా, మరుసటి ఏడాది 'దొంగరాముడు' ప్రజాదరణ చూరగొంది.

1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' ఆయన ప్రతిభకు పరాకాష్ఠ. భారత కథే అయినా అందులో పాండవులు ఒక్కసారైనా తెరపై కనిపించరు. ఆ లోటు ప్రేక్షకుడికి తెలియనంతగా పింగళి నాగేంద్రరావు రచనతో కథను అల్లుకున్నారు. కృష్ణుని వేషానికి రామారావు మొదట సందేహించినా, నమ్మి ఒప్పించినది కె.వి.రెడ్డే. వెన్నెల రాత్రిగా కనిపించే నౌకావిహారాన్ని ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే పట్టపగలే చిత్రీకరించడం నాటి సాంకేతిక నిపుణుల పనితనానికి తార్కాణం. 2010లో రంగులద్దుకుని వచ్చినప్పుడూ ఆ చిత్రానికి ప్రేక్షకులు బ్రహ్మరథం పట్టారు.

చేతిలో స్టాప్‌వాచ్

చిత్రీకరణకు ముందే కథ, మాటలు పూర్తి కావాలన్నది ఆయన నియమం. ప్రతి సన్నివేశాన్నీ చదివించి, స్టాప్‌వాచ్‌తో కొలిచి నిడివి ఖరారు చేసేవారు. ఫిలిం వృథా కావడం ఆయనకు గిట్టేది కాదు. ఆయన వద్ద సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు అనంతర కాలంలో ప్రముఖ దర్శకులయ్యారు.

చివరి మజిలీ

1961లో 'జగదేకవీరుని కథ', 1963లో 'శ్రీకృష్ణార్జున యుద్ధం' ఆదరణ పొందినా ఆ తర్వాత కాలం ఎదురుతిరిగింది. 1965 నాటి 'సత్య హరిశ్చంద్ర', 1968 నాటి 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' ఆశించిన ఫలితం ఇవ్వలేదు. అంతటి దర్శకుడికీ అవకాశాలు సన్నగిల్లాయి, ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టాయి. ఆ దశలో రామారావు గురుభావంతో ముందుకు వచ్చి 'శ్రీకృష్ణసత్య' బాధ్యత అప్పగించారు. 1971లో విడుదలైన ఆ చిత్రం విజయవంతమై ఆయన గౌరవాన్ని నిలబెట్టింది. అదే ఆయన చివరి చిత్రమైంది. 1972 సెప్టెంబర్ 15న, అరవై ఏళ్ల వయసులో కె.వి.రెడ్డి కన్నుమూశారు.

మూడు దశాబ్దాల్లో ఆయన తీసిన చిత్రాలు పదిహేను లోపే. అయినా తోటరాముడి సాహసం, ఘటోత్కచుని మాయలు నేటికీ పిల్లలను అలరిస్తూనే ఉన్నాయి. పెన్నా తీరాన పుట్టిన ఆ దర్శకుని పేరు ఈ తరానికి తెలియకపోయినా, ఆయన సృష్టి తెలియని తెలుగు ఇల్లు అరుదు.