అలెక్ గిన్నిస్: ఎనిమిది మంది ప్రభువంశీకులుగా నటించిన తండ్రి పేరు లేని నటుడు

బ్రిటిష్ కులీన వర్గాన్ని చలనచిత్రాలు ఎన్నోసార్లు పరిహసించాయి. వాటిలో 1949లో విడుదలైన ‘కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్’ స్థానం ప్రత్యేకమైనది. అందులో ఒకే నటుడు ఒక ప్రభువంశానికి చెందిన ఎనిమిది మందిగా కనిపిస్తాడు. ఆయనే సర్ అలెక్ గిన్నిస్. వంశగౌరవమే సర్వస్వమని భావించే ఆ ఎనిమిది మందికి ప్రాణం పోసిన ఆయనకు, తన సొంత వంశమేదో నిశ్చయంగా తెలియదు.

గిన్నిస్ 1914 ఏప్రిల్ 2న లండన్‌లోని మేడా వేల్ ప్రాంతంలో జన్మించారు. తల్లి ఆగ్నెస్ కఫ్‌కు అప్పటికి వివాహం కాలేదు. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు నమోదు కాలేదు. అద్దె గదులు మారుతూ బాల్యం గడిచింది. తల్లి ఒక సైనికాధికారిని వివాహమాడినా ఆ కాపురం ఎంతో కాలం నిలవలేదు. సవతి తండ్రి ఇంటిపేరైన స్టైవెన్‌తోనే కొన్నేళ్లు పెరిగిన ఆ బాలుడికి, తన అసలు పేరు గిన్నిస్ అని పద్నాలుగేళ్ల వయసులో తెలిసింది. ఆండ్రూ గెడ్డెస్ అనే స్కాట్లాండ్ బ్యాంకర్ ఆయన చదువుకు డబ్బు చెల్లించారు. ఆయనే తన తండ్రి అయి ఉండవచ్చని గిన్నిస్ తరువాతి కాలంలో భావించారు. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే ఆనాటి సమాజంలో ఇది మోయవలసిన బరువే.

చదువు ముగిశాక ఆయన ఒక ప్రకటనల సంస్థలో రచయితగా చేరారు. మనసు మాత్రం నాటకరంగం మీదే ఉంది. సుప్రసిద్ధ నటుడు జాన్ గీల్‌గుడ్ ఆ యువకుడిలోని ప్రతిభను గుర్తించి, 1934లో తన ‘హామ్లెట్’ ప్రదర్శనలో ఆస్రిక్ పాత్ర ఇచ్చారు. 1938లో నటి మెరులా సలామన్‌ను గిన్నిస్ వివాహమాడారు. రెండో ప్రపంచయుద్ధంలో రాయల్ నేవీలో చేరి, 1943లో సిసిలీ దండయాత్రలో సైనికులను తీరానికి చేర్చే నౌకకు నాయకత్వం వహించారు. యుద్ధానంతరం దర్శకుడు డేవిడ్ లీన్ తీసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’, ‘ఆలివర్ ట్విస్ట్’ చిత్రాలు ఆయనను వెండితెరపై నిలబెట్టాయి.

ఆ దశలో ఈలింగ్ స్టూడియోస్ నుంచి పిలుపు వచ్చింది. రాయ్ హార్నిమన్ 1907లో ప్రచురించిన నవల ఆధారంగా దర్శకుడు రాబర్ట్ హేమర్, రచయిత జాన్ డైటన్ స్క్రీన్‌ప్లే సిద్ధం చేశారు. డ్యూక్ కుమార్తె ఒకరు ఇటాలియన్ గాయకుడిని పెళ్లాడినందుకు డాస్కోయిన్ కుటుంబం ఆమెను వెలివేస్తుంది. మరణించాక కుటుంబ సమాధి గృహంలో చోటు సైతం నిరాకరిస్తుంది. దుకాణంలో గుమాస్తాగా బతికే ఆమె కుమారుడు లూయీ, తనకూ డ్యూక్ పదవికీ మధ్య ఉన్న బంధువులను ఒక్కొక్కరిగా తొలగించాలని సంకల్పిస్తాడు. గిన్నిస్‌కు మొదట నాలుగు పాత్రలే ఇవ్వజూపగా, ఎనిమిదీ తానే పోషిస్తానని ఆయన కోరారు.

డ్యూక్, బ్యాంకర్, మతాచార్యుడు, సైన్యాధిపతి, నౌకాదళాధిపతి, ఇద్దరు యువకులు, మహిళల ఓటు హక్కు కోసం పోరాడే లేడీ అగాథా: ఇలా ఎనిమిది మందీ ఆయనే. వారిలో ఆరుగురిని లూయీ చంపుతాడు. మిగిలిన ఇద్దరూ అతని ప్రమేయం లేకుండానే మరణిస్తారు. వేషం మారినా ముఖం ఒక్కటే కావడం వల్ల, హోదాలన్నీ ధరించి విడిచే దుస్తుల వంటివేనన్న భావన ప్రేక్షకుడికి మాటల అవసరం లేకుండానే అందుతుంది.

ఆరుగురు డాస్కోయిన్లు ఒకే చట్రంలో కనిపించే దృశ్యం కోసం ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకోంబ్ ఎంతో శ్రమించారు. కటకంలో కొంత భాగాన్ని మూసి ఒక పాత్రను చిత్రీకరించడం, ఫిల్మును వెనక్కి తిప్పి మరో భాగంలో మరో పాత్రను చిత్రీకరించడం ఆ విధానం. కెమెరా వెంట్రుకవాసి కదిలినా పని అంతా వృథా అవుతుంది. అందువల్ల ఆయన రాత్రి కూడా స్టూడియోలోనే కాపలాగా నిద్రించారు.

ఈ చిత్రంలో అత్యధిక భాగం తెరపై కనిపించేది, కథను తన గొంతుతో నడిపించేది మాత్రం లూయీ పాత్రధారి డెన్నిస్ ప్రైస్. ఆయన ఒక బ్రిగేడియర్ జనరల్ కుమారుడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవారు. ఆ విధంగా ఉన్నత కుటుంబంలో పుట్టినవాడు వెలివేతకు గురైన వ్యక్తిగా, తండ్రి పేరు లేనివాడు వెలివేసిన వంశంగా నటించడం జరిగింది. పేరుప్రతిష్ఠలు ఎక్కువగా గిన్నిస్‌కే దక్కాయి. ప్రైస్ జీవితం మద్యపానంతో, అప్పులతో కుంగిపోయింది. 1960లలో బీబీసీ ధారావాహికలో జీవ్స్ అనే సేవకుడి పాత్రతో ఆయన మళ్లీ జనాదరణ పొందినా, 1967లో దివాలా తీశారు. 1973లో గెర్న్సీ ద్వీపంలో 58 ఏళ్లకే కన్నుమూశారు.

గిన్నిస్ ప్రస్థానం పైకే సాగింది. శ్రీలంకలో చిత్రీకరించిన ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ చిత్రానికి ఉత్తమ నటుడిగా ఆస్కార్ లభించింది. 1959లో ఆయనకు నైట్ బిరుదు ప్రదానం చేశారు. బిరుదుల వ్యామోహాన్ని అపహాస్యం చేసిన చిత్రం వచ్చిన పదేళ్లకు, ఏ వంశమూ తనదని చెప్పుకోలేని నటుడు సర్ అలెక్ అయ్యారు. ఆ గౌరవం వారసత్వంగా వచ్చింది కాదు, పనితో సంపాదించుకున్నది.

1977 నాటి ‘స్టార్ వార్స్’ ఆయనకు అపార ధనాన్ని తెచ్చినా, ఆ పాత్ర పట్ల ఆయనకు ప్రీతి కలగలేదు. వేషధారణ ప్రతిసారీ మెప్పు పొందనూ లేదు. బెంగళూరు పరిసరాల్లో అధికభాగం చిత్రీకరించిన 1984 నాటి ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’లో ఆయన పోషించిన ప్రొఫెసర్ గాడ్‌బోలే పాత్ర విమర్శలకు గురైంది. భారతీయ నటులు ఉండగా ఒక ఆంగ్లేయుడికి రంగు పూసి బ్రాహ్మణుడిగా చూపడం ఎందుకన్న ప్రశ్న నేటికీ వినిపిస్తుంది.

బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1999లో ప్రకటించిన శతాబ్దపు వంద ఉత్తమ బ్రిటిష్ చిత్రాల జాబితాలో ‘కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్’ ఆరో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది ఆగస్టు 5న, 86 ఏళ్ల వయసులో గిన్నిస్ మరణించారు. అరవై రెండేళ్లు ఆయనతో జీవించిన మెరులా, ఆ తరువాత రెండు నెలలకే కన్నుమూశారు.