ఆట్కిన్ ప్రభువు

దోషి యని లోకమునకు తోచినవానికి సైతము చట్ట మొసగిన రక్షణను తగ్గింపని న్యాయాధిపతులు అరుదు. ఆట్కిన్ ప్రభు వట్టివాడు. తెలుగువారి హత్యాభియోగ మొకటి ఆయన పేరుతో ముడివడి యున్నది గనుక ఆయన చరిత్రమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఆయన 1867 నవంబరు 28వ తేదీన ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున జన్మించి, వేల్సు సీమలో పెరిగి, ఆక్స్‌ఫర్డున చదివి, 1891లో బారిష్టరయ్యెను. 1913లో హైకోర్టు న్యాయాధిపతియు, 1928లో ప్రభువుల సభలో న్యాయమూర్తియు నయ్యెను. సరకు తయారుచేసినవాడు దానిని వాడువారి క్షేమమునకు బాధ్యుడని 1932లో నిర్ణయించి ప్రసిద్ధి కెక్కెను.

1937 మార్చి 23న పూరీలో, రైలు మూడవ తరగతి పెట్టెలో దొరకిన యొక యుక్కు ట్రంకులో, ఏడు ఖండములైన శవము బయల్పడెను. హతుడు పిఠాపురము దివాను కొలువులోని బంట్రోతు. దివాను కుమార్తె అతనియొద్ద నూటికి సాలుకు 18 రూపాయల వడ్డీకి 3000 రూపాయలు ఋణము చేసియుండెను. బాకీ పుచ్చుకొనుటకు బరంపురము పోవుచున్నానని భార్యతో చెప్పి అతడు బయలుదేరెను. బరంపురమున నున్న ఆమె భర్త పాకాల నారాయణస్వామికి సెషన్సు కోర్టు మరణశిక్ష విధించెను. పాట్నా హైకోర్టు స్థిరపరచెను.

అప్పీలు ప్రీవీ కౌన్సిలునకు పోయెను. హతుడు తన యింటికి వచ్చెనని ముద్దాయి అరెస్టునకు ముందు పోలీసులతో చెప్పిన మాటలను విచారణలో సాక్ష్యముగా గ్రహించుట తప్పని వాదము. 1939 జనవరి 19న ఆట్కిన్ ప్రభువు తీర్పు చెప్పెను. పోలీసు దర్యాప్తులో చెప్పిన మాటలను గూర్చిన నిషేధము సాక్షులకే గాక, పిదప ముద్దాయి యగువానికిని వర్తించును. నేరమునుగాని, దాదాపు నేరమగు సమస్త విషయములనుగాని ఒప్పుకొన్నదే నేరాంగీకారము. అనుమానము కలిగించు మాట యెంత బలమైనదైనను నేరాంగీకారము కాదు. ఇది కింది కోర్టు పొరపాటే. అయినను హతుడు భార్యతో చెప్పిన మాట గ్రాహ్యమే. మిగిలిన సాక్ష్యము చాలునని అప్పీలు కొట్టివేయబడెను.

కొల్లూరు, తెనాలి ప్రాంతముల గృహస్థులకు కోర్టు వ్యవహారములు క్రొత్తవి కావు. పొరపాటు కనబడినంతనే తీర్పు పడిపోవునని నమ్మువారు ఈ భేదమును గ్రహింపవలెను: పొరపాటును తీసివేసిన పిమ్మట శిక్షకు ఆధారము మిగిలెనా యనునదే ప్రశ్న. ముద్దాయికి ఆ ప్రశ్న వలన మేలు కలుగలేదు. అయినను పోలీసులతో పలికిన మాట తన మెడకు ఉరిత్రాడు కాకుండుటకు తరువాతివారి కందరికిని ఆ తీర్పు అండయయ్యెను.

1941లో యుద్ధకాల నిర్బంధమును ప్రశ్నించిన వ్యాజ్యెమున ఐదుగురిలో ఆయన యొక్కడే మంత్రి యధికారమును సమర్థింపక వేరు తీర్పు చెప్పెను. విచారణ లేని చెరసాలలను ఎరిగిన మన జాతికి ఆ యేకాకి ధైర్యము విలువ చెప్పనక్కరలేదు. ఆయన 1944 జూను 25న మరణించెను. ప్రీవీ కౌన్సిలునకు మన అప్పీళ్లు 1949లో నిలిచిపోయినవి. 1872 నాటి సాక్ష్యచట్టము 2024లో తొలగినది. ఏలిక మారినను, చట్టము మారినను, ప్రాణము తీయుటకు ముందు సాక్ష్యమును జల్లెడ పట్టవలెనను ధర్మము మారరాదని మా యభిప్రాయము.