గడియారాన్ని ముందుకు జరపమన్న బిల్డర్: విలియం విల్లెట్

మార్చి నెల రెండో ఆదివారం దాటాక అమెరికా నుంచి వచ్చే ఫోన్లు గంట ముందే మోగుతాయి. డాలస్‌లో ఉన్న బాబాయికి రాత్రి ఎనిమిదింటికి, భోజనం చేశాక ఫోన్ చేసే అలవాటు ఉందనుకోండి. చలికాలమంతా మనకు ఉదయం ఏడున్నరకు వచ్చిన ఆ ఫోన్ ఇకపై ఆరున్నరకే వస్తుంది. బాబాయి అలవాటేమీ మారలేదు. అక్కడి గడియారాలను గంట ముందుకు తిప్పారు, అంతే. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు.

ఇలా ఏడాదికి రెండుసార్లు గడియారాలు ఎందుకు తిప్పుతారని పిల్లలు అడిగితే చెప్పడానికి ఒక మనిషి కథ ఉంది. ఆయన శాస్త్రవేత్త కాదు, మంత్రి కాదు. ఇళ్లు కట్టి అమ్మిన బిల్డర్. పేరు విలియం విల్లెట్.

విల్లెట్ 1856 ఆగస్టు 10న ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో, ఫార్న్‌హామ్ అనే ఊళ్లో పుట్టారు. చదువు అయ్యాక కొంతకాలం వ్యాపారంలో అనుభవం సంపాదించి, తండ్రి నడిపే నిర్మాణ సంస్థలో చేరారు. తండ్రీకొడుకులు కలిసి లండన్‌లోని చెల్సీ, హాంప్‌స్టెడ్ వంటి పేటల్లోనూ, దక్షిణాన సముద్రతీరంలోని హోవ్‌లోనూ కట్టిన ఇళ్లకు మంచి పేరుండేది. విల్లెట్ వాళ్లు కట్టిన ఇల్లంటే కొనేవాళ్లు ఇక నాణ్యత గురించి అడిగేవారు కాదట. ఆయన మాత్రం లండన్ శివార్లలో, కెంట్ ప్రాంతంలోని చిజిల్‌హర్స్ట్‌లో కాపురం ఉండేవారు. తెల్లవారుజామునే గుర్రమెక్కి దగ్గర్లోని పెట్స్‌వుడ్ అడవిలోకి షికారు వెళ్లడం, సాయంత్రం గోల్ఫ్ ఆడటం ఆయనకు ఇష్టమైన పనులు.

1905 వేసవిలో అలా ఒక ఉదయం గుర్రం మీద వెళుతుండగా ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. సూర్యుడు ఎప్పుడో పైకి వచ్చేశాడు. ఎండ పరుచుకుంది. దారి పొడవునా ఇళ్ల కిటికీలకు మాత్రం తెరలు దించే ఉన్నాయి. జనమంతా ఇంకా నిద్రలోనే ఉన్నారు. అదే జనం సాయంత్రం పని ముగించుకుని ఇంటికి చేరి కాసేపు గడిపేసరికి చీకటి పడుతుంది, దీపాలు వెలిగించాలి. ఆయన గోల్ఫ్ ఆట కూడా వెలుతురు చాలక మధ్యలో ఆగిపోయేది. పొద్దున వృథాగా పోయే వెలుగును సాయంత్రానికి ఎందుకు మార్చుకోకూడదన్నది ఆయన ప్రశ్న.

మన ఊళ్లలో ఉండి చూస్తే ఈ ప్రశ్నలో పస కనిపించదు. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పెద్ద పగలుకూ అతి చిన్న పగలుకూ తేడా సుమారు రెండు గంటలే. లండన్ భూమధ్యరేఖకు చాలా దూరం. అక్కడ జూన్‌లో పగలు పదహారున్నర గంటలు, డిసెంబరులో ఎనిమిది గంటల లోపే. గడియారం తిప్పకపోతే జూన్‌లో సూర్యోదయం తెల్లవారుజామున 3.45 ప్రాంతంలోనే అయిపోతుంది. ఏడింటికి లేచే మనిషికి అప్పటికే మూడు గంటలకు పైగా ఎండ చేజారిపోయినట్టే. విల్లెట్ బాధ అదీ. పైగా ఆయన బిల్డర్. కట్టుబడి పనిలో వెలుతురు ఉన్నంతసేపే కూలి గిట్టుబాటు. వెలుతురును డబ్బులా లెక్కకట్టడం ఆయనకు వృత్తి నేర్పిన విద్యే అనిపిస్తుంది.

1907లో ఆయన తన సొంత ఖర్చుతో ది వేస్ట్ ఆఫ్ డేలైట్ అనే చిన్న పుస్తకం అచ్చువేయించారు. పగటి వెలుగు దుబారా అని దాని అర్థం. అందులోని పథకం ఇప్పటి పద్ధతిలా లేదు. ఏప్రిల్‌లో నాలుగు ఆదివారాలు, తెల్లవారుజామున 2 గంటలకు, ఒక్కోసారి 20 నిమిషాల చొప్పున గడియారాలను ముందుకు జరపాలి. మొత్తం 80 నిమిషాలు. సెప్టెంబరులో నాలుగు ఆదివారాలు అలాగే వెనక్కి జరపాలి. ఏప్రిల్‌లోని ఆ ఆదివారాలకు 23 గంటల 40 నిమిషాలే ఉంటాయి కానీ, సెలవురోజు 20 నిమిషాలు తగ్గితే ఎవరికి బాధ అన్నది ఆయన లెక్క. దీపాల ఖర్చులోనే దేశానికి ఏడాదికి 25 లక్షల పౌండ్లకు పైగా మిగులుతుందని కూడా అంచనా వేశారు.

ఆ 20 నిమిషాల మెట్ల దగ్గర కాస్త ఆగాలి. ఒంటికి తెలియకుండా అలవాటును కొద్దికొద్దిగా మార్చడం అందులోని కిటుకు. వేసవి సెలవుల్లో తొమ్మిదింటి దాకా పడుకున్న పిల్లవాణ్ని జూన్‌లో ఒక్కరోజులో ఆరింటికి లేపడానికి ప్రయత్నించిన ఏ తల్లినడిగినా ఆ కిటుకు విలువ చెబుతుంది. కానీ ఏడాదికి ఎనిమిదిసార్లు గడియారాలు తిప్పడం రైళ్లకూ ఆఫీసులకూ తలనొప్పి. తర్వాత వచ్చిన బిల్లుల్లో అది ఒకేసారి గంట జరపడంగా మారింది. చట్టమైందీ, ఇవాళ్టికీ నడుస్తున్నదీ ఆ గంట పద్ధతే. విల్లెట్ ఆలోచనలో నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోచిన భాగం అసలు అమలే కాలేదు.

నిజానికి ఈ ఆలోచన వచ్చిన మొదటి వ్యక్తి విల్లెట్ కాదు. న్యూజిలాండ్‌లో జార్జ్ హడ్సన్ అనే తపాలా ఉద్యోగి ఉండేవారు. డ్యూటీ అయ్యాక పురుగులను సేకరించి పరిశీలించడం ఆయన సరదా. అందుకు సాయంత్రం వెలుతురు చాలక 1895లోనే వేసవిలో గడియారాన్ని రెండు గంటలు జరపాలని అక్కడి శాస్త్ర సంఘానికి రాశారు. విల్లెట్‌కు ఆ సంగతి తెలిసినట్టు లేదు. మన పిల్లల క్విజ్ పుస్తకాలు కొన్ని ఈ ఘనతను బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు ఇస్తుంటాయి. 1784లో ఫ్రాంక్లిన్ పారిస్ జనం ఆలస్యంగా లేచి కొవ్వొత్తులు తగలేస్తున్నారని హాస్యంగా ఒక ఉత్తరం రాసిన మాట నిజమే. గడియారం తిప్పమని మాత్రం అందులో లేదు.

1908 ఫిబ్రవరిలో రాబర్ట్ పియర్స్ అనే సభ్యుడు బ్రిటన్ పార్లమెంటులో విల్లెట్ పథకాన్ని బిల్లుగా పెట్టారు. విన్‌స్టన్ చర్చిల్ సమర్థించారు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కోనన్ డాయిల్ సమర్థించారు. రాజు ఏడో ఎడ్వర్డ్ అప్పటికే తన శాండ్రింగ్‌హామ్ ఎస్టేట్‌లో గడియారాలన్నీ అరగంట ముందు పెట్టించుకుని, వేటకు ఎక్కువ వెలుతురు దక్కేలా చూసుకునేవారు. అయినా బిల్లు గట్టెక్కలేదు. మరుసటి ఏడు మళ్లీ తెచ్చారు, మళ్లీ పోయింది. ఆ తర్వాతా అంతే.

వ్యతిరేకించిన వాళ్లంతా మూర్ఖులేమీ కాదు. ఖగోళ శాస్త్రవేత్తలకు సమయాన్ని చట్టంతో మార్చడం హాస్యాస్పదంగా అనిపించింది. పొద్దున్నే లేవాలనుకునేవాళ్లు లేవొచ్చు కదా, దేశంలోని గడియారాలన్నీ అబద్ధం చెప్పడం దేనికని వారి వాదన. రైతులది ఇంకా గట్టి అభ్యంతరం. గడ్డి కోతకు మంచు ఆరాలి, మంచు ఆరడానికి ఎండ రావాలి. ఎండ గడియారం మాట వినదు. ఆవులూ వినవు. కూలీలు కొత్త టైముకు వచ్చి గంటసేపు ఖాళీగా నిలబడాలి, సాయంత్రం పని మిగిలుండగానే ఇంటికి పోతారు. పట్నంలో ఎనిమిదికి లేచేవాళ్లకు దక్కే సాయంత్రం వెలుగు, తెల్లవారకముందే పని మొదలుపెట్టే పాలవాడి పొద్దు నుంచి కోసి తెచ్చిందే. గుర్రం మీద షికారు వెళ్లిన విల్లెట్‌కు తెరలు దించిన ఇళ్లు కనిపించాయి కానీ, అప్పటికే పనిలో ఉన్నవాళ్లు అంతగా కనిపించలేదేమో.

అయినా ఆయన పట్టు వదల్లేదు. తన డబ్బు, సమయం ధారపోసి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశారు, సభల్లో మాట్లాడారు, పుస్తకాన్ని మళ్లీ మళ్లీ అచ్చువేయించారు. 1915 మార్చి 4న ఇన్‌ఫ్లుయెంజాతో చిజిల్‌హర్స్ట్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 58 ఏళ్లు. ఒక్క గడియారం కూడా జరగలేదు.

ఆయన వాదనలు చేయలేని పనిని యుద్ధం చేసింది. 1916 ఏప్రిల్ 30న జర్మనీ బొగ్గు ఆదా కోసం గడియారాలను గంట ముందుకు జరిపింది. శత్రువు చేశాక బ్రిటన్‌కు ఇక సందేహం లేకపోయింది. మూడు వారాలు తిరగకుండానే పార్లమెంటు చట్టం చేసింది. మే 21న బ్రిటన్ గడియారాలు జరిగాయి. విల్లెట్ పోయి అప్పటికి పద్నాలుగు నెలలు దాటింది. 1925లో అది శాశ్వత చట్టమైంది. రెండో ప్రపంచయుద్ధంలో వేసవికి ఏకంగా రెండు గంటలు జరిపారు. జూన్‌లో లండన్‌లో సూర్యుడు రాత్రి పది దాటాక అస్తమించేవాడు. ఎండ ఉండగా పిల్లలను పడుకోబెట్టడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ యుద్ధకాలంలోనే ఈ పద్ధతి మన ఇళ్లకూ వచ్చింది. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు భారత ప్రామాణిక సమయాన్ని గంట ముందుకు జరిపి ఉంచారు. మన సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగా వెళుతుంది. అందువల్ల అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ గడియారంలోనూ దాదాపు పన్నెండే అవుతుంది. ఆ మూడేళ్లూ మాత్రం కాకినాడలో మిట్టమధ్యాహ్నం ఒంటిగంటకు అయ్యేది. యుద్ధం ముగియగానే ఆ పద్ధతి పోయింది.

దాని బదులు మనకు ఒంటిపూట బడులున్నాయి. మార్చి మధ్యలో ఎండలు ముదరగానే గడియారం ఉన్నచోటే ఉంటుంది, బడి గంట జరుగుతుంది. దాంతోపాటే లంచ్ బాక్స్, ఆటో వేళ, అమ్మ నిద్రలేచే వేళ, మధ్యాహ్నం పిల్లలను ఎవరు చూసుకోవాలన్న సర్దుబాటు, అన్నీ జరుగుతాయి. విల్లెట్‌ను వ్యతిరేకించినవాళ్లు అడిగింది సరిగ్గా ఇదే. ఆయన జవాబు కూడా తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. బడి ఒక్కటీ మారితే తల్లిదండ్రుల ఆఫీసు మారదు, గడియారం మారితే అందరూ కలిసి మారతారు. మార్చి నెలలో ఈ ఇబ్బంది పడే ఉద్యోగస్థులైన దంపతులు ఎవరి పక్షమో వారే తేల్చుకోవాలి.

పిల్లల విషయంలో మాత్రం చరిత్ర కొన్నిచోట్ల గట్టిగానే చెప్పింది. 1968లో బ్రిటన్ ప్రయోగంగా చలికాలంలో కూడా గడియారాలను ముందుకే ఉంచేసింది. పిల్లలు చీకట్లో బడికి నడవాల్సి వచ్చింది. వాహనాల వెలుతురుకు మెరిసే పట్టీలను చేతులకు కట్టి పంపారు. 1970 డిసెంబరులో పార్లమెంటు 366 ఓట్లతో, 81 ఓట్లకు వ్యతిరేకంగా ఆ ప్రయోగాన్ని ఆపేయాలని నిర్ణయించింది. అమెరికా 1974 జనవరిలో, పెట్రోలు కొరత రోజుల్లో అదే పని చేసి, చీకటి ఉదయాల్లో బడిపిల్లల ప్రమాదాలపై గగ్గోలు రేగడంతో ఆ ఏడాది అక్టోబరుకే వెనక్కి తగ్గింది.

నిద్ర సంగతి ఈ మధ్య తేలింది. వసంతంలో గడియారం మారిన తొలి వారంలో గుండెపోట్లు సుమారు 5 శాతం పెరిగాయని 2008లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. అమెరికాలో హైస్కూలు పిల్లల మీద 2015లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఆ వారం బడి రోజుల్లో పిల్లలకు రాత్రికి సుమారు అరగంట నిద్ర తగ్గినట్టు కనిపించింది. ఇప్పుడక్కడి పిల్లల వైద్యులు గడియారం మారే ముందు కొన్ని రోజుల పాటు పడుకునే వేళను పది పదిహేను నిమిషాల చొప్పున జరుపుతూ రమ్మని సలహా ఇస్తుంటారు. విల్లెట్ నాలుగు ఆదివారాల లెక్క ఇలా పిల్లల పడకగదుల్లోకి తిరిగొచ్చిందన్నమాట. ఒంటిపూట బడులు మొదలయ్యే ముందు మన ఇళ్లలోనూ ప్రయత్నించి చూడొచ్చు.

2019 మార్చిలో ఐరోపా పార్లమెంటు ఈ గడియారాల తిప్పుడు మానేద్దామని ఓటు వేసింది. కానీ ప్రభుత్వాలు ఒక మాట మీదికి రాలేదు, తిప్పుడు సాగుతూనే ఉంది. విల్లెట్ వంశం కూడా సాగుతోంది. మీ ఇంట్లో ఇంగ్లిష్ పాటలు వినే పిల్లలుంటే వాళ్లకు తెలిసే ఉంటుంది, కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్ విల్లెట్‌కు ఇనిమనవడు. ఆ బృందానికి బాగా పేరు తెచ్చిన పాటల్లో ఒకదాని పేరు క్లాక్స్.

ఆయన షికారు చేసిన పెట్స్‌వుడ్ అడవిలో కొంత భాగాన్ని అభిమానులు చందాలు వేసుకుని కొని, ఇళ్ల స్థలాలుగా మారకుండా కాపాడారు. అక్కడ 1927లో ఆయన జ్ఞాపకంగా ఒక నీడ గడియారాన్ని నిలబెట్టారు. అది ఏడాది పొడవునా వేసవి సమయాన్నే చూపిస్తుంది. చలికాలంలో వెళ్లినవాళ్లు తమ చేతి గడియారాన్ని దాంతో పోల్చి చూసుకుంటే గంట తేడా వస్తుంది.