రాణీ రుద్రమదేవి

ఓరుగల్లు రాజధానిగా త్రిలింగదేశము నేలిన కాకతీయులలో గణపతిదేవ చక్రవర్తి అగ్రగణ్యుడు. 1199లో సింహాసన మెక్కిన ఆ మహారాజునకు పుత్రసంతానము లేదు. అందుచే ఆయన తన కుమార్తె రుద్రమదేవికి రుద్రదేవ మహారాజను పురుషనామ మొసగి, రాజ్యపాలనమున తనకు తోడు చేసికొనెను. ఆమె భర్త నిడదవోలు చాళుక్య రాజకుమారుడగు వీరభద్రుడు.

1263 ప్రాంతమున ముత్తుకూరు యుద్ధమందు పాండ్యులచే కాకతీయసేన ఓటువడెను. ఆ క్లిష్టసమయమున రాజ్యభారమంతయు రుద్రమదేవిపై బడెను. ఆడుది యేమి యేలగలదని దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తిరాగా, ఆమె వానిని తరిమి కొట్టించెను. బీదరునందలి శాసన మొకటి ఆ దిక్కున ఆమె అధికారమునకు సాక్షి. గోదావరీ ప్రాంతమున ఆమె సేనానులు కళింగ గాంగుల నెదిరించి నిలిచిరి. విశాఖ మండలము నాడు ఆ గాంగుల యేలుబడిలోనిదే. ఓరుగంటి రాతికోటను ఆమె పూర్తి చేయించెను. వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఆమె న్యాయపాలనమును కొనియాడి వ్రాసెను.

పరరాజుల గెలుచుటకంటె కొలువులోని వానిని అదుపున నుంచుట కష్టము. కాయస్థులు గణపతిదేవుని కొలువున ఆశ్వికసేన నడపి పైకి వచ్చినవారు. గంగయసాహిణికి పానుగల్లు మొదలు మార్జవాడ వఱకు గల సీమ లభించెను. తరువాత జన్నిగదేవుడు, త్రిపురారి ఏలికయెడ విధేయులై యుండిరి. 1272 ప్రాంతమున వారి తమ్ముడు అంబదేవుడు అధికారమునకు వచ్చెను. కడప సీమలోని వల్లూరు ఆతని పట్టణము. ఆతడు పొరుగు నాయకులను ఒక్కొక్కరిని లోగొని, నెల్లూరు గద్దెపై తనకు అనుకూలుడైన వానిని నిలిపి, దేవగిరితో మైత్రి నెఱపెను. 1290లో త్రిపురాంతకమున వేయించిన శాసనమందు తన విజయములన్నియు వర్ణించుకొనెనే కాని, కాకతీయ ప్రభువు పేరు ఎత్తడయ్యెను. సామంతుని శాసనమున ఏలిక పేరు లేకుండుటయే తిరుగుబాటు.

అప్పటికి రుద్రమదేవి జీవించి లేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనము కలదు. రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివసాయుజ్యము నొందగా, ఆ నాయకుని భటుడు పువ్వుల ముమ్మడి వారి పుణ్యార్థము సోమనాథదేవరకు భూమి ధారపోసెనని అందున్నది. మరణకారణము అందు చెప్పబడలేదు. రాణియు సేనానియు ఒక్కమాఱే గతించుటనుబట్టి, అంబదేవునితోడి పోరున వార్ధక్యమందు ఆమె నేలకొరిగెనని చరిత్రకారులు ఊహించుచున్నారు.

ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు 1291లో త్రిపురాంతకముపైకి సేనలను పంపెను. అంబదేవుడు దక్షిణమునకు తొలగిపోయెను. 1309లో కాయస్థుల సీమ మరల కాకతీయరాజ్యమున గలిసెను. కాని ఇంటిపోరున నలిగిన ఆ రాజ్యమునకు విశ్రాంతి కఱవయ్యెను. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమయ్యెను.

అంబదేవుని శాసనము ఆతని బిరుదములతో నిండియున్నది. రుద్రమదేవి ఏనాడు గతించెనో తెలుపునది మాత్రము ఒక భటుడు చేసిన చిన్న భూదానపు లెక్క. ఆ సామాన్యుని విశ్వాసమే లేకున్న, మహారాజ్ఞి తుదిదినము తెలుగువారికి తెలియకనే పోయియుండెడిది.